పిన్నిగారు నేర్పిన మృత్యుంజయ మంత్రం

తొంభైల మొదట్ల మేము పటాన్‌చెరుల కిరాయికి ఉంటుంటిమి. మా ఆయన మందుల ఫ్యాక్టరీల పనిచేసేటోడు. పక్క పోర్షన్ల పిన్నిగారు వాళ్ళది గోదావరి దిక్కు. ఆమె భర్తనే మా ఆయనకు సూపర్‌వైజర్. మా అమ్మ పోయినంక నాకు పెద్దదిక్కు ఆమెనే.

ఆ చలికాలం మా ఆయనకు దగ్గు పట్టుకున్నది. ఎన్ని గోలీలు మింగినా తగ్గలే. మనిషి సగమైండు. పట్నంల పెద్ద దవాఖానకు తీస్కపోత అంటే పిన్నిగారు నా చెయ్యి పట్టుకున్నది.

"కంగారు పడకమ్మాయ్. మృత్యుంజయ మంత్రం మండలం రోజులు జపించు. గండం గడిచిపోతుంది."

నాకు నోరు తిరగకపోతే ఒక్కొక్క ముక్క విడదీసి పదిసార్లు చెప్పించింది. పొద్దుగాల్నే తలస్నానం చేసి, తడిచీరతోనే నూటెనిమిది సార్లు చదివి, ఆయన ఛాతీకి విభూతి రాస్తుంటి. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మకు ఒడిబియ్యం పోస్తనని మొక్కిన. "ఇయ్యాల జెర నయముంది" అని ఆయనంటే నమ్మిన.

ముప్పైనాలుగో రోజు ఆయన నెత్తురు కక్కిండు. పట్నం దవాఖానల డాక్టరు పాత ఎక్స్‌రే అడిగిండు. ఫ్యాక్టరీల తీసిన్రు గని చేతికియ్యలేదన్నడు మా ఆయన. ఫ్యాక్టరీకి ఉరికిన. అక్కడి కంపౌండర్ తెల్లబోయిండు.

"గదేందమ్మా! రెండు నెల్ల కిందనే సూపర్‌వైజర్ సారు తీస్కపోయిండు గద. జల్దీ పెద్ద దవాఖానకు తోలాలని రాసిచ్చినం."

సీదా పిన్నిగారింటికి పోయిన. అడిగిన. ఆమె బీరువా తెరిచి మడతచీరల కిందికెల్లి ఎక్స్‌రే కవరు తీసింది.

"నీకు ముందే తెలుసా పిన్నీ?"

"ఫ్యాక్టరీలో ఆ మందుల ఘాటువల్లే జబ్బు చేసిందని బయటపడితే మా ఆయన మీదికొస్తుందమ్మా. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. నేనేం చేయను? ఆ దేవుడే చూసుకుంటాడనుకున్నాను."

రోజూ తడిచీరతో ఉన్న నన్ను చూసుకుంటనే ఆమె కాఫీ తాగింది గద అనుకున్న.

ఉగాది రాకముందే మా ఆయన పోయిండు. ముందుగాల తెస్తే బతుకుతుండెనో లేదో డాక్టరు గట్టిగ చెప్పలే. దినాల నాడు పిన్నిగారు వచ్చి గుమ్మంల ఏడ్చింది. అది దొంగ ఏడుపు గాదు, నాకు తెలుసు. అయినా లోపటికి రమ్మనలే.

దేవుని మీద కోపం రెండేండ్లకు చల్లారింది. బిడ్డకు జ్వరమొస్తే మళ్ళ చేతులు జోడించిన. ఆమె మీదిది మాత్రం ఇంక అట్లనే ఉన్నది.