వేలికి బిగించిన రబ్బరు

ఆరేళ్ల వయసులో, పాలు పొంగేలోగా స్టవ్ ఆపమని అమ్మ చెబితే, పాలు పొంగి మంట ఆరిపోయేదాకా కిటికీలోంచి పిల్లిని చూస్తూ కూర్చున్న ఘనురాలు ఆమె. ఇంట్లో ‘మరుపుల మారాణి’ అనేవారు. పదేళ్లకు, పని గుర్తుండాలని రిబ్బనుకు ముడి వేసుకోవడం నేర్చింది. సాయంత్రం ఆ ముడి చూసుకుని, “అక్కా, ఇదెందుకు వేసుకున్నానే?” అని అడిగేది.

పదిహేనో ఏట కిటుకు దొరికింది. తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాన్ని చెప్పుల మీద పెట్టుకునేది. అది తీయందే గడప దాటలేదు కదా! బుర్రను నమ్ముకోవడం కంటే వస్తువును అడ్డం పెట్టుకోవడం మేలని తెలిసింది. ఆ తెలివితోనే నర్సయింది. నలభై వచ్చేసరికి డాక్టరు సైతం, “సిస్టర్, కాస్త గుర్తుచేయండి” అనేంత పేరు. ఆ పేరంటే ఆమెకు గర్వం కూడా.

తెగిన వేలికి కుట్లు వేసేటప్పుడు రక్తం ఆగడానికి వేలి మొదట్లో సన్నని రబ్బరు బిగిస్తారు. కట్టు కట్టేముందు దాన్ని కత్తిరించాలి, లేకపోతే వేలు చచ్చిపోతుంది. ఆమె ఎప్పుడూ ఆ రబ్బరుకు పెద్ద క్లిప్పు తగిలించేది. అది వేలాడుతుంటే కట్టు కట్టడం ఎవరి తరమూ కాదు. ఆ రోజు వేలు తెగి ఒక దర్జీ వచ్చేసరికి క్లిప్పులన్నీ స్టెరిలైజర్లో ఉడుకుతున్నాయి. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంది. కుట్లు పూర్తవుతుండగా పక్క గదిలో ఎవరో కళ్లు తిరిగి పడ్డారు. పరుగెత్తింది. తిరిగొచ్చి గబగబా కట్టు కట్టి పంపేసింది.

గంట తర్వాత క్లిప్పులు ట్రేలో సర్దుతుంటే దర్జీ వేలి రబ్బరు గుర్తొచ్చింది. చెత్తబుట్ట తిరగేసింది. కత్తిరించిన రబ్బరు అందులో లేదు. ఫోన్ చేస్తే దర్జీ ఎత్తలేదు. చీటీలోని చిరునామా పట్టుకుని, తనను తాను తిట్టుకుంటూ వీధుల వెంట పరిగెత్తింది.

దర్జీ మిషను ముందే ఉన్నాడు. భార్య సూదిలో దారం ఎక్కిస్తోంది.

“నొప్పిగా ఉందా?”

“అస్సలు లేదు సిస్టర్. వేలున్నట్టే తెలీట్లేదు. మీ మత్తు ఇంజక్షన్ భలే పనిచేసింది!”

కట్టు విప్పింది. వేలు పాలిపోయి చల్లగా ఉంది. రబ్బరు కత్తిరించింది.

“రబ్బరు తీయడం మర్చిపోయానండీ. తప్పు నాదే. ఇంకాసేపుంటే వేలు పోయేది.”

ముగ్గురూ గోటినే చూశారు. ఒక నిమిషం. రెండు. గోరంచున ఎరుపు కనబడ్డాక ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“డాక్టరు గారికి చూపిద్దాం పదండి. ముందు కట్టు కడతాను,” అంటూ చెయ్యి చాపింది.

దర్జీ తన చేతిని వెనక్కి తీసుకున్నాడు.

“ఏమనుకోకండి సిస్టర్. మా ఆవిడ కడుతుందిలెండి.”

ఆమె కాదనలేకపోయింది. ఎంత బిగువుగా చుట్టాలో పక్కన నిలబడి భార్యకు చెప్పింది.