చౌమహల్లాలో యాదయ్య పువ్వు

జైపూర్ చూసొచ్చిన పొగరు తలకెక్కి ఉంది నాకు. ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్‌లోని మా ఇంటికి తీసుకొచ్చిన క్యాబ్ డ్రైవర్ నర్సింహకు దారి పొడుగునా అక్కడి రాజమహళ్ల గొప్పలే చెప్పాను. అంతా ఓపిగ్గా విని, "మన చౌమహల్లా చూసిన్రా అక్కా?" అన్నాడు. రాజమండ్రి నుంచి వచ్చి పదకొండేళ్లయినా ఇరవై కిలోమీటర్ల దూరంలోని నిజాముల ప్యాలెస్ చూడలేదు నేను. సిగ్గేసింది. "మా బాపు అండ్ల సున్నం పువ్వు చేసిండట. ఎన్నేండ్ల నుంచో అదే కథ చెప్తడు, ఇంట్ల ఎవ్వరం నమ్మం" అని నవ్వాడు. మీ నాన్నగారినీ తీసుకురా, శనివారం వెళదాం అన్నాను.

తొమ్మిదింటికి బయలుదేరాం. సాతంరాయిలో రోడ్డు పక్కన ఇస్త్రీ చొక్కాతో నర్సింహ నాన్న యాదయ్య గారు అప్పటికే నిలబడి ఉన్నారు. ఆరాంఘర్ దగ్గర ఫ్లైఓవర్ ఎక్కితే జూపార్కు వరకూ హాయిగా సాగుతుంది, ఆ తర్వాత పాతబస్తీ సందుల్లో కాస్త నెమ్మది. రానూపోనూ, ఆగినంతసేపటికీ కలిపి పద్దెనిమిది వందలకు మాట్లాడుకున్నాను. యాదయ్య గారు డంగు సున్నం పనివారు. సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి నూరడం ఆయనకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్య. "మరమ్మత్తులప్పుడు వరండాల ఒక పువ్వు రాలిపోయి ఉండె. దాన్ని నేనే చేసిన బిడ్డా. నాకు పని నేర్పిన ఉస్తాద్ మూడుసార్లు కూలగొట్టిచ్చిండు" అన్నారు. "ఇయ్యాల చూపిస్తవు గదా" అని నర్సింహ అద్దంలోంచి కన్నుగీటాడు.

పదిన్నరకు టికెట్లు తీసుకున్నాం, మనిషికి వంద. పద్దెనిమిదో శతాబ్దంలో మొదలుపెట్టిన ఈ కట్టడం పూర్తయ్యేసరికి వందేళ్లు దాటిందట. నాలుగు మహళ్లు కాబట్టి చౌమహల్లా. దర్బారు హాల్లో పాలరాతి గద్దె, పైన బారులు తీరిన షాండ్లియర్లు, కమానుల నిండా సున్నంతో తీర్చిన తీగలూ పువ్వులూ. రాయి చెక్కితే గొప్పే, తడి సున్నాన్ని ఇలా పూయించడం మరీ గొప్ప. ఇది మా ఊరి ప్యాలెస్ అని గట్టిగా అరవాలనిపించింది.

యాదయ్య గారు మాత్రం వరండాలో తల పైకెత్తి అటూ ఇటూ తిరుగుతున్నారు. "గీడనే ఉండె..." అని ఒక కమాను దగ్గర ఆగారు. కాదనుకుని పక్కదాని కిందికి వెళ్లారు. అరగంట గడిచింది. అన్ని పువ్వులూ ఒకేలా ఉన్నాయి. చెమట తుడుచుకుంటూ మెట్ల మీద కూర్చుండిపోయారు. నాకు ప్రాణం ఉసూరుమంది. అనవసరంగా పెద్దాయన్ను తెచ్చి కొడుకు ముందు చిన్నబుచ్చానేమో అని నన్ను నేను తిట్టుకున్నాను.

"పోనీ బాపు, మస్తు ఏండ్లయింది గదా" అన్నాడు నర్సింహ, ఈసారి నవ్వకుండా. "ఉస్తాద్ మూడుసార్లు ఎందుకు కూలగొట్టిచ్చిండు?"

యాదయ్య గారు తలెత్తారు. "పువ్వు చేసినంక గా కొసకు పోయి, నడుచుకుంట వచ్చి చూసేటోడు. కొత్తది ఏదో గుర్తువడితే కొట్టేయమనేటోడు. నాలుగోసారి ఆయనకు గుర్తువడలే." పువ్వుల వరుసను మళ్లీ చూశారు. ముఖం వెలిగిపోయింది. "ఇయ్యాల నాకే గుర్తువడలేదుర!"

నర్సింహ నాలుగడుగులు వెనక్కి వేశాడు. ఫోన్ తీసి, "ఏదన్న ఒక పువ్వు కింద నిలబడు బాపు, ఫొటో తీస్త" అన్నాడు.

"ఒకటి కాదు. అన్ని వచ్చేటట్టు తియ్యి" అన్నారాయన, చొక్కా సర్దుకుంటూ.

ఇంటికొచ్చి జైపూర్ ఫొటోలు మళ్లీ చూశాను. రాజులు కట్టించిన గోడల్ని మాత్రమే చూసొచ్చానని అప్పుడు అర్థమైంది. కట్టినవాళ్లు, నిలబెడుతున్నవాళ్లు మన పక్క ఊళ్లోనే ఉన్నారని ఇప్పుడు గర్వంగా ఉంది. మీరు వెళ్లేటట్టయితే శుక్రవారం సెలవని గుర్తుపెట్టుకుని, మిగతా రోజుల్లో పదింటికల్లా చేరుకోండి. అప్పుడు వరండా ఖాళీగా ఉంటుంది. ఆ కొస నుంచి నడిచొస్తూ యాదయ్య గారి పువ్వు ఏదో వెతకండి. కనబడకపోతే ఆయన గెలిచినట్టే.