తాళాలక్క సాక్ష్యం

పార్టీ ఆఫీసులో అందరూ ఆమెను తాళాలక్క అనేవారు. భర్త నూలుమిల్లులో ఫిట్టరు, పార్టీ శాఖ కార్యదర్శి. పెళ్లయిన కొత్తలోనే ఆఫీసు తాళాలూ, అందులోని పఠనాలయమూ ఆమెకు అప్పగించారు. పొద్దున్నే తలుపులు తీసి, ఊడ్చి, పత్రికలు బల్లమీద పరిచేది. మధ్యాహ్నం షిఫ్టు దిగిన ఆడవాళ్లకు అక్కడే అక్షరాలు దిద్దించేది.

పదమూడేళ్లకు పార్టీ చీలింది. ఎన్నికల్లో పాలకపక్షంతో చేతులు కలుపుదామని ఒక వర్గం, కలిపితే మనకిక మొహం చెల్లదని మరో వర్గం. భర్త మొదటి వర్గంలో ఉన్నాడు. బడిపంతులైన ఆమె అన్న రెండో వర్గానికి పెద్దయ్యాడు. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్న బావాబావమరుదులు ఎదురుపడితే మొహం తిప్పుకునేవారు.

ఆఫీసు మాదంటే మాదని రెండు వర్గాలూ కోర్టుకెక్కాయి. చీలిన రోజు అది ఎవరి అధీనంలో ఉందో తేలాలి. తాళాలు ఆమెవి కాబట్టి ఆమే సాక్షి.

"మావాళ్లే లోపలున్నారని చెప్పు, చాలు," అన్నాడు భర్త.

"మీరంతా ఆ రోజు సినిమాహాల్లో మహాసభలో ఉన్నారు కదండీ."

"అయితే మీ అన్నని గెలిపిస్తావన్నమాట."

"అన్నయ్యా అక్కడే ఉన్నాడు. కుర్చీలు విసురుకున్నది మీరిద్దరూ కలిసే కదా."

కోర్టులోనూ అదే చెప్పింది. "ఆఫీసులో నేనూ, చదువుకునే తొమ్మిదిమంది ఆడవాళ్లూ ఉన్నామండీ. ఇంకెవరూ లేరు."

తీర్పు వచ్చేదాకా సభలు ఎవరూ పెట్టకూడదనీ, పఠనాలయం మాత్రం నడవాలనీ, తాళాలు ఆమె దగ్గరే ఉండాలనీ జడ్జి ఆదేశించాడు.

ఆ వారంలోనే ఆమెను బహిష్కరిస్తూ రెండు వర్గాల నుంచీ రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకదానిమీద భర్త సంతకం ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. కళ్లు తుడుచుకుని, "బహిష్కరణలో షకి ఖ వత్తు పెట్టారు, అది క వత్తు కదండీ," అంది. నెల్లాళ్లు ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆమె మాత్రం ఒక్కరోజు కూడా పఠనాలయం మూయలేదు.

కేసు ఏళ్లు సాగింది. ఈలోగా భర్త వర్గం మళ్లీ చీలింది. ఆయన వైపు పద్నాలుగుమంది మిగిలారు, కూర్చోవడానికి గది కూడా లేదు. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా పఠనాలయానికి వచ్చాడు. బల్ల చివర కూర్చుని పత్రిక అందుకుంటే పైకాగితమే ఉంది.

"లోపలి పేజీలేవి?"

"అటు చివర అన్నయ్య చదువుతున్నాడు. అడగండి."

పైకాగితాన్నే అటూ ఇటూ తిప్పాడు. తర్వాత గొంతు సవరించుకుని, "బావా, అయిపోతే ఇటివ్వు," అన్నాడు.

అన్న తలెత్తకుండానే సగం పేజీలు ఇచ్చాడు.