మలుపులో తెరుచుకునే తలుపు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం చేస్తున్న ఆ పిల్ల, సముద్రం పక్క ఇసుక దారుల్లో స్కూటర్ మీద పడీ లేచీ విసిగిపోయి, కాస్త ఎత్తుగా ఉండే చిన్న ఎస్‌యూవీ కోసం వెతుకుతోంది. వచ్చే లోనుకు రెండే అందాయట. ఒకటి కొత్తదే గానీ కింది మోడలు. తెర లేదు, కెమెరా లేదు, వెనక అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. రెండోది వాడిన బండి, పై మోడలు, పైకప్పుకి అద్దం. పిల్ల మనసంతా ఆ అద్దం మీదే ఉంది. అంత మెరిసే బండి ఇంత చవగ్గా ఎందుకొస్తోందా అని నాకు మాత్రం అనుమానం తగిలింది.

నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రొయ్యల సాగు మన తీరానికి కొత్తగా వచ్చిన రోజులు. హేచరీ నుంచి రొయ్యపిల్లల్ని గుంటలకు చేరవేసే పనిలో దిగి, మనుబోలు దగ్గర ఒకాయన వద్ద పాత జీపు కొన్నాను. అడిగినంతకు ఇచ్చేశాడు, నా బేరం తెలివికి నేనే మురిసిపోయాను. వారం తిరక్కుండానే, సాయంత్రం సముద్రం మీది మంచు గుంటల గట్లెక్కి పాకే వేళ, సరుగుడు తోపు మలుపులో బండి నిదానించగానే పక్క సీటు తలుపు దానంతటదే తెరుచుకుంది. దీపాలు ఆరిపోయాయి. కుక్కలు ఏడ్చాయి. పచ్చచీర అంచు నుంచి నీళ్ళు కారుతున్న ఒక ఆడమనిషి దిగి, తడి అడుగులు వేస్తూ తోపులోకి వెళ్ళిపోయింది.

“పెద్దమ్మ కూతురి పెళ్ళిలో తెల్లచీర అన్నావు, ఇప్పుడు పచ్చచీర అంటుండావు. దెయ్యానికి ఎన్ని చీరలు కొనిపెట్టినావు తాతా?” అని, నేను చెప్పిందంతా విని పకపకా నవ్వింది మనవరాలు.

మర్నాడే అడ్వాన్సు కడతానంటోంది. ఆ దారుల్లోనే, ఒంటరిగా తిరగబోయే పిల్ల. జన్మలో మొదటిసారి నా మాట ఒకరు నమ్మి తీరాల్సిన అవసరం వచ్చింది, చూసుకుంటే నమ్మదగ్గ మాట నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు.

అందుకని ఒక్కొక్కటే తీసేశాను. చీర లేదు, మనిషి లేదు, అడుగులు లేవు, కుక్కలూ దీపాలూ నేను చేర్చినవే. తలుపు మాత్రం నిజం. మెకానిక్కు విప్పితే లోపల గుప్పెళ్ళకొద్దీ సముద్రపు ఇసుక. ఉప్పునీళ్ళలో మునిగి లేచిన బండి, గొళ్ళెం తుప్పు తినేసింది, ఏ కుదుపుకైనా ఊడుతుందన్నాడు. కుదుపులు దారి పొడుగునా ఉన్నాయి. ఊడేది మాత్రం ఆ మలుపులోనే. మనుబోలు ఆయన మీదికి కొట్లాటకు పోయాను.

“తుఫానుకి మా తమ్ముడూ బండీ కలిసే కొట్టుకుపోయినారన్నా. నేను తోలేవాణ్ణి, వాడు పక్కన కూర్చునేవాడు. రోజూ ఆ తోపు కాడే దిగేవాడు,” అన్నాడు.

ఈ సంగతి నేను ఏ పెళ్ళిలోనూ చెప్పలేదు. దానికి అతికించడానికి నాకేమీ తోచలేదు. ఆ జీపు ఉన్నన్నాళ్ళూ ఆ మలుపులో ఆపి, తలుపు తెరుచుకున్నాక ఒక మనిషి దిగేంత సేపు ఊరికే కూర్చుని, అప్పుడు చెయ్యి చాచి మూసుకునేవాణ్ణి.

ఈసారి పిల్ల నవ్వలేదు. మర్నాడు నన్నూ వెంటబెట్టుకుని ఆ బండి చూడటానికి పోయింది. లోపల అత్తరు కొట్టినట్టు ఘుమఘుమ. సీటు బెల్టును చివరిదాకా లాగమన్నాను. ఎప్పుడూ బయటికి రాని ఆ కొసన, ఎండిన బురద గీత అడ్డంగా కనిపించింది. మనవరాలు దాన్ని వేలితో తాకి, అమ్మేవాడి వైపు తిరిగింది.

“మునిగినప్పుడు ఇందులో ఎవరుండారన్నా?”

“మాకేం తెలుసమ్మా? వేలంలో వచ్చింది. తుడిచి అమ్మేదే మా పని.”

పిల్ల బెల్టు వదిలేసింది. అది సర్రున లోపలికి పోయిన చప్పుడుకి ముగ్గురం ఉలిక్కిపడ్డాం. ఆ సాయంత్రమే కింది మోడలుకు డబ్బు కట్టేసింది.

మనుబోలు ఆయన నన్ను మోసం చేసిన మాట నిజమే. అయినా అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర ఒక తమ్ముడి సంగతి ఉంది. ఇవాళ బండ్లు ఎక్కడెక్కడి నుంచో చేతులు మారి, అద్దంలా మెరుస్తూ మన ముంగిట్లోకి వస్తున్నాయి. వాటిలో ఎవరు కూర్చున్నారో, వాళ్ళు ఎక్కడ దిగాల్సి ఉండిందో చెప్పే మనిషి మాత్రం వాటి వెంట రావడం లేదు.