అవ్వ ఎందుకు దగ్గలేదు

ఆ రోజుల్లో, అంటే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, తమిళనాడు ధర్మపురిలో నర్సింగ్ చదువుతున్న మాకు రోగాలంటే భయం లేదు, డాక్టర్లంటే భయం లేదు, నర్సింగ్ డయాగ్నసిస్ అంటే మాత్రం చలిజ్వరం వచ్చేది. రోగం పేరు డాక్టరు రాస్తాడు. ఆ రోగంతో మనిషి పడుతున్న అవస్థ ఏమిటి, ఎందువల్ల, రుజువేమిటి అన్నది మేం రాయాలి. ఊపిరితిత్తుల కేసు ఎవరొచ్చినా నేను 'కఫం బయటికి రావడం లేదు, కారణం కఫం చిక్కబడటం' అని కళ్లు మూసుకుని రాసేసేదాన్ని. (పుస్తకంలో అలాగే ఉంది మరి. పుస్తకం రాసినవాళ్లు మా వార్డుకి రాలేదు, అది వేరే సంగతి.)

వార్డు పరీక్షకి నాకు కంబైనల్లూరు అవ్వ వచ్చింది. న్యుమోనియా. మా ఇంట్లోలాగే వాళ్లదీ తెలుగే, కాబట్టి సగం పాసైపోయాననుకున్నాను. ఆవిరి పట్టించాను, వేడినీళ్లు తాగించాను, వీపు తట్టాను. ఛాతీలో గురగుర వినిపిస్తూనే ఉంది, అవ్వ మాత్రం దగ్గదు. దగ్గు వచ్చినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మింగేస్తుంది. పక్కనే స్టూలు మీద ఆమె సంబంధి, అంటే కొడుక్కి పిల్లనిచ్చిన పెద్దమనిషి, తెల్లపంచె నలగకుండా పొద్దుటినుంచీ కూర్చుని ఉన్నాడు.

మా మేడమ్ వచ్చి నా కాగితం చూసి, "కఫం పలచబడింది కదా, ఇంకా ఎందుకు రావడం లేదు? ఈ పూట అయ్యేలోగా అసలు కారణం రాయకపోతే ఈ పోస్టింగంతా మళ్లీ చేస్తావు" అని తమిళంలో చెప్పి వెళ్లిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అవ్వ చెవి దగ్గర వంగి బతిమాలాను.

"దగ్గి ఉమ్మేయవ్వా, లేకుంటే నేను ఫెయిలైపోతాను."

"సంబంధి ఎదురుగా ఖాండ్రించి ఉమ్మేదా పాపా? మానం ఏమైతుంది? ఆయప్ప పోయినాక చూస్తాంలే."

"ఆ తాత ఎప్పుడు పోతాడు?"

"నాకు బాగయ్యేదంకా పోనని చెప్పినాడు."

ఇక చేసేదేముంది? తెగించి రాసేశాను. 'కఫం బయటికి రావడం లేదు. కారణం: సంబంధి. రుజువు: స్టూలు మీద ఉన్నాడు.' మేడమ్ చదివి, స్టూలు వైపు చూసి, పెదవి కొరుక్కుని, పరీక్ష జరుగుతోందని చెప్పి ఆయన్ని మర్యాదగా బయటికి పంపింది. ఆయన కండువా సర్దుకుని, నిమ్మళంగా నడిచి వెళ్లాడు. తలుపు మూసుకుందో లేదో, వరండాలో దగ్గు మొదలైంది! తెరలు తెరలుగా, గోడలు అదిరేలా. పాపం, పెద్దాయన కూడా సంబంధమ్మ ముందు దగ్గడమెలా అని పొద్దుటినుంచీ బిగపట్టుకుని కూర్చున్నాడు.

"అయ్యో, ఆయప్పకీ ఉండెనా!" అంటూనే అవ్వ కూడా అందుకుంది. నేను కప్పు పట్టుకుని పరిగెత్తాను. "వచ్చింది మేడమ్, వచ్చింది!" అని వార్డంతా వినబడేలా అరిచాను. మేడమ్ పాస్ చేసింది, ఆ పెద్దాయనకీ ఓపీ చీటీ రాయించింది.

ఇప్పుడు డయాగ్నసిస్‌లు తప్పులేకుండా రాస్తాను. ఎవరికి కఫం వచ్చినా చార్టులో గుర్తు పెట్టి పక్క మంచానికి వెళ్లిపోతాను. కప్పెడు కఫం చూసి పండగ చేసుకున్న ఆ పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది, కాస్త బెంగ కూడా వేస్తుంది.