నల్లమలలో నేను నిలబెట్టిన గుట్ట

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, ఉద్యమం రోజుల్లో వారానికో బంద్ వచ్చిపడుతుంటే నా దిగులంతా తెలంగాణ వస్తుందా రాదా అని కాదు, నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుందా లేదా అని. మాదాపూర్‌లో పాత సర్వే మ్యాపులను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆఫీసు మాది. ఎత్తులు చూపించే గోధుమరంగు గీతల మీద మౌస్‌తో మళ్లీ గీతలు గీయడమే పని. (ఇంట్లో మాత్రం 'సాఫ్ట్‌వేర్' అని చెప్పాను. అమ్మ చర్చిలో సాక్ష్యం కూడా చెప్పేసింది.) అప్పటికే నావి రెండు మ్యాపులు తప్పులతో తిరిగొచ్చాయి. మూడోదీ వస్తే ఇంటికెళ్లిపొమ్మని మా టీమ్ లీడర్ మర్యాదగానే చెప్పాడు.

ఆ మూడోది నల్లమల కొండల మధ్య కృష్ణ పారే లోయ, డ్యామ్ కట్టక ముందటిది. సాయంత్రానికల్లా పంపాలి. ఆ రోజు కూడా బంద్. బస్సుల్లేక సగం కుర్చీలు ఖాళీ. బోరబండ నుంచి నడిచొచ్చిన హౌస్‌కీపింగ్ అక్క నా బల్ల తుడుస్తూ, తెర మీద ఆ ఏరేమిటని అడిగింది. కృష్ణ అన్నాను. తడిగుడ్డ వదిలేసి, ఏటి వంపులను వేలితో లెక్కపెట్టుకుంటూ పైకి పోయి, ఒకచోట ఆగి, అక్కడున్న పేరు చదవమంది. చదివాను. అది వాళ్ల ఊరు. ఆమె చిన్నప్పుడే డ్యామ్ నీళ్లలో మునిగిపోయిందట.

ఊరి మీద నేను గీసిన గుండ్రటి గీతను చూపిస్తూ ఇదేమిటంది. గుట్ట అన్నాను. "గీ గుట్ట ఏడికెల్లొచ్చింది తమ్మీ?" అంది. సర్వేవాళ్లు తప్పు గీయరని దబాయించాను. (పట్టా పుచ్చుకొని ఏడాది కాలేదు, గీర మాత్రం నిండా ఉండేది.)

"గుట్ట ఉంటె మేమెందుకు మునుగుతుంటిమి?" అంది మెల్లగా.

అసలు కాగితం తీయించి చూశాను. అది గుట్ట కాదు, ఏ కాలంలోనో ఎవరో మహానుభావుడు టీ కప్పు పెట్టిన మరక. నేను దానికి పక్క గీతను బట్టి ఎత్తు కూడా వేసేశాను! బయటికి పోకముందే దొరికిందని దేవుడికి స్తోత్రం చెప్పుకొని, డిలీట్ మీద వేలు పెట్టాను.

"గట్లనే ఉండనియ్యరాదు తమ్మీ. బొమ్మలనన్న మా ఊరు మునగకుంటుంటది."

నాకు టీమ్ లీడర్ గుర్తొచ్చాడు. కుదరదక్కా అని తీసేశాను. ఆమె మంచిది తియ్యి అని, గుడ్డ పట్టుకొని పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఆ మ్యాపు తిరిగిరాలేదు, నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. తర్వాతి నెల కాంట్రాక్టర్ మారాడు, అక్క మళ్లీ కనిపించలేదు.

ఇప్పటికీ ఇంట్లో టీ కప్పు ఎత్తినప్పుడు బల్ల మీద గుండ్రంగా మరక పడితే వెంటనే తుడవబుద్ధి కాదు. మా ఆవిడ దాన్ని బద్ధకం అంటుంది. నవ్వేసి, అవునంటాను.