దాచుకున్న పిట్ట

ఆవిడ దర్జీ. మూడో అంతస్తులో ఇల్లు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో మంచం, మంచం మీద భర్త. పెద్ద పెద్ద భవనాలకు రంగులు వేసే మనిషి. పరంజా మీంచి జారి పడ్డాక నడుము కింద స్పర్శ పోయింది. ఆ గదికి కిటికీ ఉంది గానీ, చెయ్యి చాస్తే పక్కింటి గోడే తగులుతుంది. వెలుతురు వస్తుంది, ఆకాశం కనబడదు.

పగలంతా ప్యాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం, మధ్యమధ్య లేచి ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టడం. ఒకరోజు సూది వేలిలో దిగినా తెలియకుండా ఆవిడ కుడుతూనే ఉంది. కింద అంతస్తులో ఉండే ఆడపడుచు అది చూసి హడలిపోయింది.

"ఇలాగైతే వాడి పక్కన నీకో మంచం వెయ్యాలి. సాయంత్రం పూట నేను కూర్చుంటాను, నువ్వు కాస్త తిరిగిరా."

"ఎక్కడికి వెళ్లను వదినా?"

"ఎక్కడికో ఒకచోటికి. ముందు చెప్పులు తొడుక్కో."

అలా కాలవ గట్టు దాకా నడక మొదలైంది. మొదట్లో తల వంచుకుని వెళ్లి, తల వంచుకుని వచ్చేది. తర్వాత మూతపడ్డ గిడ్డంగి గోడ వెనక చెట్టు ఒకటి మెల్లగా బోడిదైపోవడం కంటబడింది. చలి పోయేసరికి దాని కొమ్మల చివర్లు రాగిరంగు తిరిగాయి.

"ఏం చూశావే ఇవాళ?" అని ఆయన మొదటిసారి అడిగినప్పుడు ఆవిడకు ముచ్చటేసింది. పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. రానురాను ఆ వినడం కాస్తా ఆరా తియ్యడమైంది.

"నిన్న చిగురు ఎర్రగా ఉందన్నావు. పచ్చబడిందా?"

"చూడలేదండీ."

"మరి అంతసేపూ ఏం చేసినట్టు?"

ఆ మాటతో నడక కూడా చాకిరీ అయిపోయింది. తేనెటీగ కనబడితే, ఎన్ని కనబడ్డాయంటాడోనని ఆగి లెక్క చూసుకునేది. గట్టు మీద గాలి తగిలినా, దాన్ని ఏ మాటల్లో చెప్పాలా అన్న ఆలోచనే. గదిలోంచి బయటపడ్డాననుకుంది గానీ, గదిని నెత్తిన పెట్టుకునే తిరుగుతోంది.

వానలు పడ్డాయి. కాలవ నిండింది. నీళ్లకు అడ్డంగా ఉన్న ఇనప గొట్టం మీద లకుముకి పిట్ట ఒకటి కూర్చుని ఉంది. ఆవిడ చూస్తుండగానే నీలంగా నీళ్లలోకి దూకి, చేపతో పైకి లేచింది. అది కనుమరుగయ్యేదాకా ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంటికొచ్చాక "ఏం చూశావు?" అంటే, "ఏముంది, ఒకటే బురద" అంది. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందని ఆవిడకు అంతకుముందు తెలియదు. వానాకాలమంతా ఆ పిట్ట సంగతి కడుపులోనే దాచుకుంది.

ఆడపడుచుకు ఏ మాటా నోట్లో ఆగదు. "ఒరేయ్, గొట్టం మీద నీలం పిట్టను చూస్తూ మీ ఆవిడ లోకాన్నే మరిచిపోతుందిరా. నిన్న నువ్వు కునుకు తీసినప్పుడు కూరలకెళ్లి చూశాను" అనేసింది.

అక్క వెళ్లేదాకా ఆయన ఆగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"అదొక్కటైనా నాదనుకున్నానండీ."

"నాకు గోడ తప్ప ఇంకేముందే?"

"నాకు మాత్రం ఏముంది?"

చివరికి ఆయన, "సరే. ఇకమీదట అడగను," అన్నాడు.

అన్నట్టే అడగలేదు. మర్నాడు ఆవిడ ఊపిరి పీల్చుకుని బయల్దేరింది. తీరా చూస్తే గట్టు పొడుగునా ఆయనకు చెప్పే మాటలే నోట్లో మెదులుతున్నాయి. ఆయన అడక్కపోయినా ఆ అలవాటు ఆవిడను వదల్లేదు. ఇంటికొస్తే ఆ మౌనం ఇంకా బరువు. కొన్నాళ్లకు ఉండబట్టలేక, ఆయన్ని పక్కకు తిప్పుతూ తనే అంది: "ఇవాళ మంచు పట్టింది. అవతలి గట్టు కనబడలేదు."

ఆయన గోడవైపు చూస్తూ, "పరంజా పైనుంచైతే కనబడుతుంది," అన్నాడు. "మంచు పైకి మేడల తలలే తేలేవి. మేం పని ఆపి చూసేవాళ్లం."

ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. "కొంగలు మాకంటే కిందనుంచి పోయేవి," అన్నాడు మళ్లీ. ఆవిడ మంచం పట్టెమీద కూర్చుంది. ముందు గదిలో కుట్టాల్సిన బట్టలు అలాగే ఉన్నాయి.

ఆవిడ ఇప్పటికీ కాలవ దాటి వెళ్లలేదు. కొన్నిరోజులు చెబుతుంది, కొన్నిరోజులు చెప్పదు. చెప్పని రోజున ఆయన అడగడు.